హైదరాబాద్‌లో చిన్న రీఫ్ ట్యాంకు: ఫిల్టర్, లైటు ఎలా పెట్టుకోవాలి?

నానో_నిజాంపేట
అందరికీ నమస్తే. మంచినీటి చేపలు, మొక్కల ట్యాంకు మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు రీఫ్, అంటే ఉప్పునీళ్లలో కోరల్స్ (పగడాలు) పెంచడం, మొదలుపెడదామని ఒక ట్యాంకు చేయించాను. 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 15 ఎత్తు. లెక్క ప్రకారం 88 లీటర్లు, రాళ్లు పెట్టాక 75 లీటర్ల నీళ్లు పట్టొచ్చు. రెండు క్లౌన్ చేపలు, కొన్ని కోరల్స్, అంతకు మించి ఆశ లేదు. షాపులో క్యానిస్టర్ ఫిల్టర్, ప్రొటీన్ స్కిమ్మర్, యూవీ, లైటు అని పెద్ద లిస్టు రాసిచ్చారు. వీటిలో నిజంగా కావాల్సినవి ఏవి? నా దగ్గరున్న మొక్కల లైటు పనికొస్తుందా? సముద్రపు నీళ్లు సూర్యలంక బీచ్ నుంచి తెచ్చుకోవచ్చని ఒకరన్నారు, దాని గురించి కూడా చెప్పండి.

తార్నాక_రీఫ్
స్వాగతం అండీ. ఆ లిస్టు పక్కన పెట్టండి. రీఫ్ ట్యాంకులో అసలు ఫిల్టర్ రాయే. రాయి పైపొరలో ఉండే బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ సరిగా చేరని లోపలి రంధ్రాల్లో ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను కూడా కొంత తినేస్తుంది. అందుకే బరువైన నున్నటి రాయి కాకుండా తేలిగ్గా, రంధ్రాలు ఎక్కువగా ఉన్నది తీసుకోండి. గోడకు ఆనించి గుట్టగా పేర్చకండి, వెనక నుంచి కూడా నీళ్లు తిరగాలి.

మీ సైజుకు వెనక తగిలించే హ్యాంగ్‌ఆన్ ఫిల్టర్ చాలు. అందులో తెల్ల ఫ్లాస్ (దూదిలాంటి వడపోత), ఒక సంచి కార్బన్ వేయండి. ఫ్లాస్ మూడు నాలుగు రోజులకోసారి తీసి పారేయాలి. కడిగి మళ్లీ పెట్టేవాళ్లున్నారు, దానివల్ల పెద్దగా లాభం లేదు. క్యానిస్టర్ (మూత బిగించిన డబ్బాలాంటి ఫిల్టర్) చెడ్డదని కాదు కానీ మూత తీసి కడగడం బద్ధకమై నెలల తరబడి వదిలేస్తాం. లోపల మురికి కుళ్లి నైట్రేట్ పెరుగుతూనే ఉంటుంది. స్కిమ్మర్ (నురగతో మురికిని బయటికి లాగే పరికరం) ఇప్పుడే అక్కర్లేదు. వారానికి పది, పదిహేను శాతం నీళ్లు మారుస్తానంటే రెండు క్లౌన్‌లకు అది లేకుండానే నడుస్తుంది. యూవీ (అతినీలలోహిత కాంతితో నీళ్లలోని క్రిములను చంపేది) కూడా వద్దు.

ఫిల్టర్ కన్నా వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్లను కదిలించే పంపు) ముఖ్యం. గంటకు ట్యాంకు నీళ్లకు ఇరవై రెట్లు కదలాలి, అంటే మీకు 1500 లీటర్లు. కోరల్ ఉన్నచోటు నుంచి కదలదు, తిండి దగ్గరికి రావాలన్నా, మురికి కొట్టుకుపోవాలన్నా ప్రవాహమే దిక్కు. నేరుగా కోరల్ మీదికి కాకుండా ఎదురు గాజుకు తగిలి వెనక్కి వచ్చేలా తిప్పి పెట్టండి.

ఉప్పల్_ఉప్పునీరు
సూర్యలంక నీళ్లు వద్దు భయ్యా. ఒడ్డు దగ్గర ఇసుక, మురికి, పడవల డీజిల్ అన్నీ ఉంటాయి. వానాకాలంలో కృష్ణ నీళ్లు కలిసి ఉప్పు శాతం కూడా మారిపోతుంది. పైగా ప్రతి వారం నీళ్లు మార్చాలి, ప్రతిసారీ బాపట్ల దాకా వెళ్తారా? రీఫ్ ఉప్పు కొనుక్కోండి, లీటరుకు 35 నుంచి 40 గ్రాములు పడుతుంది.

ఇక ఇంట్లో నీళ్ల సంగతి. రీఫ్ చేసేవాళ్లు ముందు ఇక్కడే డబ్బు పెట్టాలని నేను గట్టిగా చెబుతాను. జలమండలి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్ల కాఠిన్యం మీకు తెలిసిందే, గీజర్ కాయిల్ చూస్తే చాలు. ఎండాకాలం సంపులో ట్యాంకర్ నీళ్లు కూడా కలుస్తాయి. చాలామంది "మాకు ఇంట్లో ఆర్.ఓ. ఉంది కదా" అంటారు. తాగునీటి ఆర్.ఓ.లలో చాలావాటికి టి.డి.ఎస్. (నీళ్లలో కరిగిన లవణాల కొలత) కంట్రోలర్ ఉంటుంది. రుచి కోసం శుద్ధిచేసిన నీళ్లలో కొంచెం మామూలు నీళ్లు కలపడమే దాని పని. కొన్నింటిలో మినరల్ కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. తాగడానికి బాగానే ఉంటాయి, ట్యాంకులో పోస్తే మాత్రం గోధుమరంగు పొర, ఆ తర్వాత పచ్చటి నాచు. మెంబ్రేన్ దాటాక, ఆ కంట్రోలర్‌కు ముందే ఒక టీ ఆకారపు పైపు జాయింట్ వేయించి, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డి.ఐ. రెజిన్ గొట్టంలోకి తిప్పండి. రంగు మారే రెజిన్ తీసుకుంటే ఎప్పుడు అయిపోయిందో కంటికే తెలుస్తుంది. టి.డి.ఎస్. మీటర్ మీద సున్నా చూపించాకే ఉప్పు కలపండి. బయటికి పోయే నీళ్లు బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్ కడగడానికి వాడుకోవచ్చు.

బోయిన్‌పల్లి_బ్లూ
లైటు గురించి నేను చెబుతాను. మొక్కల లైటులో తెలుపు, ఎరుపు ఎక్కువ. కోరల్ కణజాలంలో ఉండే శైవలాలకు ముఖ్యంగా కావాల్సింది 420 నుంచి 480 నానోమీటర్ల నీలి కాంతి. మొక్కల లైటుతో కొన్ని సాఫ్ట్ కోరల్స్ (రాతి గూడు లేని మెత్తటి పగడాలు) బతుకుతాయి కానీ రంగు రాదు, నాచు మాత్రం బాగా పెరుగుతుంది. నీలి ఛానల్, తెల్ల ఛానల్ విడివిడిగా తగ్గించుకోగలిగే రీఫ్ లైటే తీసుకోండి.

ఎక్కువ వాట్లు ఉంటే మంచిదనుకుని కొత్తవాళ్లు ఫుల్‌లో పెట్టేస్తారు. మీ ట్యాంకు లోతు 15 అంగుళాలే. మష్రూమ్, జోయాంతిడ్, లెదర్ అనే రకాల కోరల్స్‌కు 50 నుంచి 120 పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతి కొలత) సరిపోతుంది. పెద్ద లైటును నెత్తిన పెట్టి నూటికి నూరు శాతం వెలిగిస్తే ఆ మష్రూమ్ ముడుచుకుపోతుంది, రంగు వెలిసి తెల్లబడుతుంది. నీటి మట్టానికి ఓ 20 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి, నీలం 30 శాతం, తెలుపు 5 శాతంతో మొదలుపెట్టండి. తర్వాత వారానికి కొంచెంకొంచెం పెంచండి. రోజుకు ఎనిమిది గంటలు చాలు. టైమర్ తప్పనిసరి, మన ఆఫీసు వేళలను బట్టి లైటు వేస్తే కోరల్స్‌కు పగలూ రాత్రీ కుదరవు.

పార్ మీటర్ ఖరీదు ఎక్కువ. ఫోన్‌లో లక్స్ యాప్ నమ్మకండి, నీలి కాంతిని అది సరిగా కొలవలేదు. కోరల్‌నే చూడండి. కాడ సాగదీసి పైకి లేస్తుంటే వెలుతురు చాలట్లేదు. అంచులు లోపలికి ముడిచి చిన్నదవుతుంటే ఎక్కువైంది. మష్రూమ్‌లను కింద ఇసుక దగ్గర, జోయాంతిడ్‌లను మధ్యలో ఉంచండి.

ఇంకో మాట, మన ఊరి దుమ్ముకు లైటు మీది చిన్న ఫ్యాన్ జాలీ త్వరగా మూసుకుపోతుంది. ఎండాకాలంలో లైటు వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంటే ముందు ఆ జాలీని బ్రష్‌తో తుడవండి.

మల్కాజిగిరి_మెరైన్
వేడి గురించి ఎవరూ రాయలేదేంటి? హైదరాబాద్‌లో రీఫ్‌కు అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లోనే. నీళ్లు 25, 26 డిగ్రీలు ఉంటే మంచిది, 29 దాటితే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఎండాకాలంలో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదికి ఫ్యాన్ పెడితే కూలర్‌లాగా పనిచేసి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. చెన్నై వాళ్లకు ఈ సౌకర్యం లేదు, అక్కడి గాలిలో తేమ ఎక్కువ. మనకూ జూలై వచ్చేసరికి ఫ్యాన్ బలం తగ్గుతుంది, అయితే అప్పటికి ఎండ కూడా తగ్గి ఉంటుంది. హాలు 36 డిగ్రీలకు పోతే మాత్రం ఫ్యాన్ చాలదు, ఏసీ గదో, నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో ఉండాలి. చిల్లర్‌ను స్టాండు లోపల పెట్టి తలుపు వేయకండి, దాని వేడి దానికే తగులుతుంది.

ఫ్యాన్ పెట్టినప్పుడు రోజుకు రెండు లీటర్ల దాకా ఆవిరవుతుంది. నీళ్లు పోతాయి, ఉప్పు లోపలే ఉంటుంది. 75 లీటర్లలో రెండు తగ్గితే లవణీయత 35 నుంచి 36కు చేరుతుంది. రెండు మూడు రోజులు ఊరెళ్తే ఎంతవుతుందో లెక్కేయండి. ఆవిరైన మేరకు నీళ్లను తనంతట తనే నింపే ఆటో టాపప్ పెట్టుకోండి, అందులో ఉప్పు లేని సున్నా టి.డి.ఎస్. నీళ్లే పోయాలి.

తార్నాక_రీఫ్
కోరల్స్ కొనే ముందు చట్టం కూడా తెలుసుకోవాలి నిజాంపేట గారూ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లోకి రాతి పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్ర గుర్రాలు 2001లో చేరాయి. హ్యామర్, టార్చ్, బ్రెయిన్, అక్రోపోరా ఇవన్నీ రాతి పగడాలే. షాపులో ఉన్నాయి కదా అని తెచ్చుకోవద్దు. లైవ్ రాక్ పేరుతో అమ్మే చచ్చిన పగడపు ముక్కలూ వద్దు. మన్నార్ సింధుశాఖలో ఉన్న దిబ్బలను పీకి మన హాలులో పెట్టుకోవడం ఏం అభిరుచి అండీ? సిరామిక్ రాళ్లు తీసుకుని బాటిల్ బ్యాక్టీరియా వేయండి, నాలుగు నుంచి ఆరు వారాల్లో సైకిల్ అవుతుంది, అంటే ఆ బ్యాక్టీరియా రాళ్లలో స్థిరపడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేపలు. క్లౌన్‌లు కూడా హ్యాచరీలో పుట్టినవే అడగండి. మన దేశంలోనే సి.ఎం.ఎఫ్.ఆర్.ఐ. (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాటి పెంపకం పద్ధతులు రూపొందించింది. సముద్రంలో పట్టినవాటి కన్నా తిండికి త్వరగా అలవాటు పడతాయి.

నానో_నిజాంపేట
ఈ చట్టం సంగతి షాపులో ఎవరూ చెప్పలేదు. చాలా థ్యాంక్స్ అండీ. అయితే సాఫ్ట్ కోరల్స్‌తోనే ఉంటాను. ఆర్.ఓ.కు డి.ఐ. వేయించడం, వేవ్‌మేకర్, హ్యాంగ్‌ఆన్, రెండు ఛానళ్ల లైటు, ఆటో టాపప్, ఫ్యాన్. ఇవి కొంటాను. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది, జాగ్రత్తలేమైనా ఉన్నాయా? కరెంటు పోతే ఏం చేయాలి?

మల్కాజిగిరి_మెరైన్
పాప ఉంటే జోయాంతిడ్‌ల విషయంలో జాగ్రత్త. కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో ఉడకబెట్టడం, పొడి బ్రష్‌తో గీకడం అస్సలు చేయకండి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. నన్నడిగితే మొదట మష్రూమ్‌లు, లెదర్‌తో మొదలుపెట్టండి.

ఉప్పల్_ఉప్పునీరు
కరెంటు పోతే ఫిల్టర్, లైటు ఆగినా కొన్ని గంటలు ఫర్వాలేదు. నీటి కదలిక ఆగితే మాత్రం ఆక్సిజన్ పడిపోతుంది, వేడి నీళ్లలో ఇంకా త్వరగా. మే నెలలో గాలివానకు చెట్లు పడి గంటల తరబడి కరెంటు రాని రోజులు మనకు కొత్త కాదు. వేవ్‌మేకర్ ఒక్కటి ఇన్వర్టర్ లైనుకు కలపండి, లేదా బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి. హ్యాంగ్‌ఆన్ కొనగానే స్విచ్ ఆపి మళ్లీ వేసి చూడండి. కొన్ని గాలి పట్టి తిరిగి నీళ్లు లాగవు, ఖాళీగా తిరిగి మోటారు కాలిపోతుంది.

ప్లగ్ బోర్డు ట్యాంకు కింద నేల మీద పెట్టొద్దు. పక్క గోడకు, నీటి మట్టం కన్నా పైన బిగించండి. ప్రతి వైరు ప్లగ్‌లోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి, అప్పుడు వైరు వెంట జారిన ఉప్పునీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఆ లైనుకు ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో నీళ్లు పోయకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి.