వేలంలో పాత హెచ్‌ఎంటీ వాచి కొన్నాను, డయల్‌కి మళ్లీ పెయింట్ వేశారట, అమ్మినాయన మాట వినడం లేదు. ఏం చేయాలి?

ఓరుగల్లు_పొద్దు (అడిగినవారు)

అన్నలూ, అక్కలూ, జర టైం తీసుకుని చదవండి, నాకు ఇంక మూడు రోజులే ఉంది.

మాది హనుమకొండ. మా బాపు ముప్పై ఏళ్లు ఒకటే వాచి పెట్టుకున్నాడు, హెచ్‌ఎంటీ జనతా, తెల్ల డయల్. పొద్దున చాయ్ తాగే ముందు కీ తిప్పడం ఆయన అలవాటు. పోయిన ఏడాది కాజీపేటలో రైలు దిగేటప్పుడు ఆ తోపులాటలో ఎక్కడో జారిపోయింది. కొత్తది కొందామంటే ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది, బాపు పెట్టుకున్నలాంటి పాత జనతా కావాలంటే పాతవాటిలోనే వెతకాలి. అందుకని పాత వస్తువులు వేలం వేసే ఒక సైట్‌లో రెండు నెలలు వెతికి ఒకటి పట్టుకున్నాను. 999తో మొదలైన వేలం నా దగ్గర 3,650కి ఆగింది, పంపే ఖర్చు 120 వేరే. వివరణలో మూడు మాటలు ఉన్నాయి: డయల్ ఒరిజినల్, సర్వీస్ చేయించినది, టైం కరెక్టుగా చూపిస్తుంది. కింద చిన్న అక్షరాల్లో "రిటర్న్ లేదు".

వాచి వచ్చింది. ఫొటోలో బాగానే ఉంది గానీ చేతిలోకి తీసుకుని చూస్తే అక్షరాలు మందంగా, అలుక్కుపోయినట్టు ఉన్నాయి. ఏడు దగ్గర నిమిషాల గీత ఒకటి పక్క గీత మీదికి ఒరిగింది. రోజుకు 25 నిమిషాలు వెనక నడుస్తోంది. వరంగల్ చౌరస్తా దగ్గర ఏళ్లుగా గడియారాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కంటికి అద్దం పెట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసి, "బిడ్డా, ఇది పెయింట్ వేసిన డయల్, కంపెనీది కాదు" అన్నాడు. మూత తీసి చూడమంటావా అని అడిగితే ఎందుకో భయం వేసి వద్దన్నాను.

అమ్మినాయనది వేరే రాష్ట్రం, హిందీలో రాస్తాడు. మొదట మర్యాదగానే అడిగాను. యాభై ఏళ్ల వాచి అంటే అట్లనే ఉంటుంది అన్నాడు. నాకు కోపం ఆగక రాత్రి పదకొండు గంటలకు నాలుగు పొడుగు మెసేజ్‌లు పెట్టాను, దొంగ అని కూడా అన్నాను, అది నా తప్పే. ఇప్పుడు ఆయన "వాట్సాప్‌కి రా, 500 వెనక్కి ఇస్తా, కంప్లైంట్ పెట్టకు, మంచి రేటింగ్ ఇవ్వు, లేకపోతే నీ మీదే రిపోర్ట్ కొడతా" అంటున్నాడు. సైట్‌లో కంప్లైంట్ పెట్టడానికి వస్తువు అందిన రోజు నుంచి ఏడు రోజులే గడువు, నాలుగు అయిపోయాయి. రిటర్న్ లేదు అని రాసి ఉన్నందుకు నేను ఇక ఏమీ చేయలేనా? 500 తీసుకుని ఊరుకోవాలా? రాత్రుళ్లు ఇదే టెన్షన్.

కీవాచి_కరీంనగర్

తమ్మీ, ముందు ఒక మాట: మూత తీయనివ్వలేదు చూడు, అది చాలా మంచి పని చేశావు. మూత తీసిన గీత ఒక్కటి కనిపించినా, లోపలి సామాను నువ్వే మార్చావని అమ్మినాయన అంటాడు, సైట్ వాళ్లకు ఎవరిది నిజమో తేల్చడం కష్టం. ఇక ఎవ్వరినీ తీయనివ్వకు, పట్టీ కూడా మార్చకు.

వాట్సాప్‌కి వెళ్లొద్దు. ఎందుకంటే సైట్ వాళ్లు గొడవ తేల్చేటప్పుడు మొదట చూసేది వాళ్ల చాట్‌లో ఉన్నదే, బయట ఏం మాట్లాడుకున్నా దాన్ని లెక్కలోకి తీసుకుంటారని నమ్మకం లేదు. పైగా మాటలతో రోజులు గడిపి గడువు దాటించడం ఇలాంటి వాళ్ల పాత పద్ధతి. రేపు ఫోన్ చేస్తా, ఊరి నుంచి వచ్చాక చూస్తా, ఇలాంటివి నేను చాలా విన్నాను. నువ్వు ఇవాళే కంప్లైంట్ తెరువు, మాటలు తర్వాత కూడా నడుస్తాయి.

కంప్లైంట్‌లో కోపం వద్దు, మోసం, దొంగ అన్న మాటలు వద్దు. ఆయన రాసిన మాట ఒక పక్క, చేతికి వచ్చిన వస్తువు ఒక పక్క, అంతే. ఇట్లా రాయి: "వివరణలో డయల్ ఒరిజినల్ అని ఉంది. వచ్చిన వాచి డయల్‌కి మళ్లీ పెయింట్ వేసి ఉంది, దగ్గరి నుంచి తీసిన ఫొటోలు జతచేశాను. టైం కరెక్ట్ అని ఉంది, రోజుకు 25 నిమిషాలు వెనక నడుస్తోంది, 24 గంటల తేడాతో తీసిన రెండు ఫొటోలు జతచేశాను. వాచి తిరిగి పంపి పూర్తి డబ్బు వాపసు కోరుతున్నాను." ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ రాయకు. మీ బాపు సంగతి కూడా అందులో రాయకు, అది నీకు పెద్ద విషయమే, కానీ చదివే వాళ్లకు పని లేదు.

ఫొటోలకు పగటి వెలుతురు వాడు, కిటికీ పక్కన, వాచిని కొంచెం ఏటవాలుగా పెట్టి. కంపెనీ ముద్ర సన్నగా, అంచులు పదునుగా ఉంటుంది, మళ్లీ వేసిన దాంట్లో అక్షరాల అంచులు ఉబ్బినట్టు కనిపిస్తాయి. నువ్వు చెప్పిన ఆ ఏడు దగ్గరి గీత నీ దగ్గర ఉన్న గట్టి సాక్ష్యం, దాన్ని ఇంకా దగ్గరగా తీయి. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి వాచీలు మొదలుపెట్టింది, అంటే మిషన్ మీద వేసిన ముద్రలు అవి, గీతలు ఒకదాని మీదికి ఒకటి ఒరగడం కంపెనీ డయల్‌లో ఉండదు.

సీసీసీ_మంచిర్యాల

నేను వేరే మాట చెప్తా. డబ్బు వాపసు వచ్చేదాకా పదిహేను రోజులు తిరగాలి, మళ్లీ వెతకాలి. 500 కాకుండా 1,500 అడిగి వాచి ఉంచుకుంటే? రిపేర్ ఆయన 400కి టైం సరిచేస్తాడు. డయల్ పెయింట్ అయినా బాపు పెట్టుకోవడానికే కదా, అమ్మడానికి కాదు.

ఓరుగల్లు_పొద్దు

అన్నా, మీ మాట అర్థమైంది. కానీ బాపుకు చూపించాను, ఆయన చేతిలో పట్టుకుని కాసేపు చూసి "ఇది అట్లా లేదురా" అన్నాడు, తిరిగి ఇచ్చేశాడు. ఇక దీన్ని ఉంచుకోలేను.

కోర్టు_రోడ్డు_అక్క

నేను వినియోగదారుల కేసులు చూసే అడ్వకేట్ దగ్గర పని చేస్తాను. చట్టం సంగతి కొంచెం వివరంగానే చెప్తాను, ఎందుకంటే "రిటర్న్ లేదు" అన్న రెండు మాటలు చూసి చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, సైట్‌లో అమ్మేవారు ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అనడానికి లేదు. పాతదా కొత్తదా అన్నది వేరే సంగతి, ఒరిజినల్ డయల్ అని రాస్తే ఒరిజినల్ డయలే ఉండాలి. అయితే ఒక మెలిక ఉంది. ఎవరైనా తన ఇంట్లో వస్తువు ఒకటి సొంతంగా అమ్ముకుంటే, అది క్రమం తప్పకుండా చేసే వ్యాపారం కాకపోతే, ఈ నియమాలు అతనికి వర్తించవు. అందుకని తమ్ముడూ, ఆయన ప్రొఫైల్ తెరిచి ఇప్పటిదాకా ఎన్ని అమ్మాడో, ఇప్పుడు ఎన్ని వేలంలో ఉన్నాయో స్క్రీన్‌షాట్ తీయి. ముప్పై, నలభై వాచీలు అమ్మిన మనిషి "ఇంట్లో పడి ఉంటే అమ్మాను" అని తప్పించుకోలేడు. ఒక్కటే అమ్మినవాడైనా పూర్తిగా వదిలేయాల్సిన పని లేదు, వివరణ చెప్పి అమ్మిన వస్తువు ఆ వివరణకు సరిపోవాలని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. కాకపోతే దానికి సివిల్ కోర్టు దారి, 3,650 కోసం ఎవరూ వెళ్లరు, ఉన్న మాట చెప్తున్నాను.

సైట్‌కి ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆ పేరు సైట్‌లోనే పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. మామూలు కస్టమర్ కేర్ చాట్‌లో తిరిగి తిరిగి అలసిపోకుండా, అక్కడ పని కాకపోతే నేరుగా ఆ అధికారికే రాయి. తర్వాత 1915, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. నువ్వు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, అమ్మినాయన ఊరికి పోనక్కరలేదు, 5 లక్షల లోపు చెల్లించిన వాటికి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు.

రేటింగ్ ఇవ్వకపోతే రిపోర్ట్ కొడతా అన్న ఆ మెసేజ్ మాత్రం జాగ్రత్తగా దాచు.

గోదావరిఖని_పాతసామాను

నేను అమ్మేవాణ్ని. రేడియోలు, వాచీలు, టార్చి లైట్లు, పదకొండేళ్ల నుంచి. మా వైపు సంగతి కూడా వినండి, అప్పుడు ఎట్లా మాట్లాడాలో తెలుస్తుంది.

నాకు ఒకసారి మంచి మర్ఫీ రేడియో పంపితే, కొన్నాయన లోపలి వాల్వులు తీసుకుని పనికిరానివి పెట్టి వెనక్కి పంపాడు. సైట్ వాళ్లు ఆయన మాటే నమ్మారు. ఆ దెబ్బ తిన్నాక ఎవరు కంప్లైంట్ చేసినా మొదట నాకు అనుమానమే వస్తుంది. కాబట్టి అమ్మినాయన మొదటి జవాబు గట్టిగా వస్తే వాడు మోసగాడే అనుకోకండి, సగం మంది భయంతో అంటారు. అప్పుడు వాళ్లకు కావాల్సింది ఒకటే, వస్తువు పోయినట్టే తిరిగి వస్తుందన్న నమ్మకం. నేను పంపే ప్రతి వాచికీ మూత లోపలి వైపు, మిషన్, ఏవైనా నంబర్లు ఉంటే అవి, అన్నీ ఫొటోలు తీసి పెట్టుకుంటాను. కొనేవాళ్లు కూడా డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి, చిరునామా చీటీ కనిపించే దగ్గర మొదలుపెట్టి వాచి చేతిలోకి వచ్చేదాకా మధ్యలో ఆపకుండా. తిరిగి పంపేటప్పుడు కూడా అట్లనే తీయండి.

కానీ ఈయన అట్లాంటి మనిషి కాదు. భయపడ్డవాడు ఫొటోలు పంపు అంటాడు, డబ్బా విప్పిన వీడియో ఉందా అంటాడు. 500 ఇస్తా, రేటింగ్ ఇవ్వు అన్నాడంటే ఆయనకు డయల్ సంగతి ముందే తెలుసు. తెలియనివాడు అయితే తెలియదని రాస్తాడు. నేను "నాకు తెలిసినంతలో ఒరిజినల్, వాచి మెకానిక్‌కి చూపించలేదు" అని రాస్తాను, రేటు తక్కువే వస్తుంది, కానీ రాత్రి నిద్ర పడుతుంది.

ఇంకోటి, వేలం ముగియకముందే అడగండి. సైట్ చాట్‌లోనే, "డయల్ మళ్లీ వేసిందా, అవును కాదు చెప్పండి" అని సూటిగా అడగండి. జవాబు రాతలో దొరుకుతుంది. జవాబు ఇవ్వకుండా "ఫొటోలు చూసుకోండి" అంటే ఆ వేలం వదిలేయండి. ఎంత బాగున్నా వదిలేయండి.

జగిత్యాల_బిడ్డర్

తమ్మీ, బిడ్‌ల చరిత్ర చూశావా? 999 నుంచి 3,650 దాకా ఎవరెవరు పెంచారు?

ఓరుగల్లు_పొద్దు

ఇప్పుడే చూశాను అన్నా. 1,800 నుంచి ఒకటే ఐడీ, ప్రతిసారీ నా మీద వంద వేసుకుంటూ 3,550 దాకా వచ్చింది. ఆ ఐడీకి ఒక్క రేటింగ్ కూడా లేదు. ఆయన మిగతా రెండు వేలాల్లో కూడా అదే ఐడీ ఉంది, ఎక్కడా గెలవలేదు.

జగిత్యాల_బిడ్డర్

అనుకున్నాను. ఖాయంగా చెప్పలేం గానీ, సొంత మనిషితో రేటు పెంచించే వాళ్లు సరిగ్గా ఇట్లనే చేస్తారు, మూడు వేలాలవీ స్క్రీన్‌షాట్ తీసి కంప్లైంట్‌కి జతచేయి. ఇకనుంచి నీ మనసులో ఆఖరి రేటు ఎంతో కాగితం మీద రాసుకో, చివరి నిమిషంలో ఒక్కసారే అది వేయి. రెండు రోజుల ముందు నుంచి వంద వంద పెంచుకుంటూ పోతే ఎదుటివాడికి నీ ఆశ ఎంతో తెలిసిపోతుంది. నేను జగిత్యాలలో కూర్చుని ఒక కెమెరా కోసం ఇట్లనే పోటీ పడి రెండింతలు పోగొట్టుకున్నాను.

కోర్టు_రోడ్డు_అక్క

దీనికి కూడా అదే 1930 చట్టంలో 64వ సెక్షన్ ఉంది. అమ్మేవాడు దొంగ బిడ్‌లతో రేటు పెంచితే, ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడిదే. ఫిర్యాదుల అధికారికి రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యం చేర్చు. నిరూపించమని అడిగితే ఐడీల సంగతి తేల్చగలిగేది సైట్ వాళ్లే.

ఇందూరు_వాణి

ఈ థ్రెడ్ చదివే వాళ్ల కోసం ఒకటి చెప్పాలి, నా సొంత అనుభవం. వేలం ఓడిపోయిన మర్నాడు "గెలిచినాయన వెనక్కి తగ్గాడు, అదే రేటుకు మీకు ఇస్తా, నేరుగా యూపీఐ చేయండి" అని మెసేజ్ వచ్చింది. నేను 6,000 వేశాను. అమ్మే మనిషే కాదు అది పంపింది, ఓడిపోయినవాళ్లను చూసి ఎవరో పంపారు. సైట్ బయట డబ్బు కట్టాను కాబట్టి సైట్ వాళ్లు చేతులెత్తేశారు. అలాంటిది జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేస్తే డబ్బు ఖాతాలు దాటిపోతుంది. నేను మూడో రోజు చేశాను, రాలేదు. తిరిగి డబ్బు పంపిస్తాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు అని ఎవరైనా అన్నా చేయకండి, డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు.

ఓరుగల్లు_పొద్దు

అందరికీ, ఏమైందో చెప్తాను. ఆ రాత్రే కంప్లైంట్ పెట్టాను, కరీంనగర్ అన్న చెప్పినట్టు నాలుగు వాక్యాలే. చౌరస్తా పెద్దాయన తన దుకాణం చీటీ మీద డయల్ గురించి రెండు లైన్లు రాసి సంతకం చేసి ఇచ్చాడు, డబ్బులు ఇస్తే తీసుకోలేదు. అమ్మినాయన రెండుసార్లు వాట్సాప్‌కి పిలిచాడు, "ఇక్కడే రాయండి" అని మాత్రం జవాబు ఇచ్చాను. ఐదో రోజు సైట్ వాళ్లు తిరిగి పంపమన్నారు. వాచిని వీడియో తీస్తూ ప్యాక్ చేసి స్పీడ్ పోస్ట్‌లో పంపాను. పదకొండో రోజు 3,650 వచ్చింది, మొదట కట్టిన 120 రాలేదు, దాని కోసం ఫిర్యాదుల అధికారికి రాశాను, జవాబు కోసం చూస్తున్నాను.

ఇవాళ పొద్దున చూస్తే అదే వాచి మళ్లీ వేలంలో ఉంది. ఏడు దగ్గర ఒరిగిన గీత అట్లనే ఉంది, వివరణలో ఇప్పుడు కూడా "డయల్ ఒరిజినల్" అనే రాశాడు. 1,400 దాకా వచ్చింది, అదే ఐడీ పెంచుతోంది. నా ఫొటోలు, పాత కంప్లైంట్ నంబర్ పెట్టి సైట్‌కి రిపోర్ట్ చేశాను. తెల్ల డయల్ జనతా మీద ఎవరైనా బిడ్ వేసి ఉంటే, ఏడు దగ్గర ఒకసారి పెద్దది చేసి చూడండి.