ఐరిష్ సిపాయి తల్లి పేరు ఏ రికార్డులో దొరుకుతుంది?

మా అమ్మమ్మకు తాతగారు బ్రిటిష్ సైన్యంలో ఐరిష్ సిపాయి. 1884లో సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయారు. ఆయన కన్నవాళ్లెవరో తెలుసుకోవాలని నా ఆరాటం.

బ్రిటిష్ లైబ్రరీలోని మద్రాసు చర్చి రికార్డుల్లో (ఎన్/2 సిరీస్) పెళ్లి ఎంట్రీ దొరికింది. తండ్రి పేరుంది, తల్లి పేరు లేదు. లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని డిశ్చార్జి కాగితాల్లో (డబ్ల్యూఓ 97) ఐర్లాండ్‌లోని కార్క్ కౌంటీలో మాలో (Mallow) అనే ఊళ్లో పుట్టినట్టు, 1876 అక్టోబరులో చేరేనాటికి 18 ఏళ్లని ఉంది. బంధువుల వివరాలు రాయలేదు.

ఐర్లాండ్ కాథలిక్ పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రిజిస్టర్లు అక్కడి నేషనల్ లైబ్రరీ సైట్‌లో ఉచితం. మాలో పారిష్‌లో అదే పేరుతో, అదే తండ్రి పేరుతో రెండు బాప్టిజంలు కనిపించాయి: 1857 నవంబరులో ఒకటి, 1858 ఆగస్టులో ఒకటి. సిరా వెలిసినా తల్లుల పేర్లు వేరని స్పష్టంగా తెలుస్తోంది. ఆ వయసుకు ఇద్దరూ సరిపోతున్నారు, అదే చిక్కు.

జనాభా లెక్కలతో తేల్చుదామంటే 1861 నుంచి 1891 దాకా ఐరిష్ లెక్కల్ని ప్రభుత్వమే నాశనం చేసింది. అంతకుముందువి చాలావరకు 1922లో డబ్లిన్ రికార్డుల ఆఫీసు మంటల్లో కాలిపోయాయి. 1901 లెక్కల్లో ఆ తండ్రులు గానీ తల్లులు గానీ కనిపించలేదు. అక్కడ అందరి జననాలూ నమోదు చేయడం 1864లోగానీ మొదలవలేదు.

ఇద్దరిలో మా తాతగారెవరో తేలాలంటే, 1876లో చేరిన సిపాయి తల్లి పేరో తోబుట్టువుల పేర్లో ఇంకే రికార్డులో ఉండొచ్చు?