హ్యూలో ఒక్క పూటే ఉంటాం, గైడెడ్ టూర్‌లో ఏం చూడాలి? (అమ్మానాన్నలతో వెళ్తున్నాం)

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. మార్చి మొదటి వారంలో అమ్మానాన్నల్ని తీసుకుని వియత్నాం వెళ్తున్నాం. బస డానాంగ్‌లో. అక్కడి నుంచి రైల్లో సాయంత్రానికి హ్యూ చేరి, రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు మధ్యాహ్నం భోజనం అయ్యాక బయల్దేరి వెనక్కి వచ్చేయాలి. అంటే ఊరు చూడ్డానికి గట్టిగా ఒక ఉదయం మాత్రమే ఉంటుంది.

ఆన్‌లైన్‌లో చూస్తే సగం రోజు టూర్లు రకరకాలుగా ఉన్నాయి. ఒకదాంట్లో రాజుల కోట, థియెన్ ము పగోడా, నది మీద పడవ. ఇంకోదాంట్లో రెండు రాజసమాధులు, అగరొత్తులు చేసే ఊరు. మరొకటి వీటన్నిటినీ ఒకే పూటలో తిప్పేస్తామంటోంది. ఏది ఎంచుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నాన్న రిటైరైన సోషల్ మాస్టారు, రాయి మీద నాలుగు అక్షరాలు కనబడితే అవేంటో తెలిసేదాకా అక్కడినుంచి కదలరు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు.

ఎవరైనా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి: గైడ్ నిజంగా అవసరమా, లేక మనమే టికెట్ కొనుక్కుని తిరిగేయొచ్చా? ఎక్కువ మెట్లు ఎక్కడున్నాయి? అమ్మకి భోజనం దొరుకుతుందా?

గోదారిగట్టు:

అన్నీ కలిపిన టూర్ మాత్రం వద్దండి. నాలుగు గంటల్లో ఇన్ని చోట్లు అంటే సగం సమయం వ్యాన్ ఎక్కి దిగడానికే పోతుంది, అందులోనూ ఏదో ఒక షాపు దగ్గర అరగంట ఆపుతారు. మీ నాన్నగారి సంగతి చెప్పారు కాబట్టి నా సలహా ఒకటే, పూటలో ఎక్కువ భాగం కోటకే ఇచ్చేయండి, దానికి మంచి గైడ్‌ని మాట్లాడుకోండి.

గైడ్ ఎందుకంటే, హ్యూ కోటలో చూడాల్సిన దాంట్లో సగం ఇప్పుడు అక్కడ లేదు. 1802లో జియా లాంగ్ న్గుయెన్ వంశం పాలన మొదలుపెట్టి హ్యూని రాజధాని చేసుకున్నాడు, కోట పని తర్వాత రెండు మూడేళ్ళలో మొదలై, కొడుకు మిన్ మాంగ్ కాలంలో 1832కి పూర్తయింది. బయటి గోడ చుట్టుకొలతే దాదాపు 10 కిలోమీటర్లు. దాని లోపల రాజనగరం, ఇంకా లోపల రాజు కుటుంబం మాత్రమే ఉండే నిషిద్ధ నగరం. ఆ లోపలి భాగాలన్నిటిలో ఒకప్పుడు వంద పైచిలుకు భవనాలుండేవి. 1947లో ఫ్రెంచి వాళ్ళు తిరిగొచ్చినప్పటి పోరులో చాలా భాగం కాలిపోయింది, 1968లో టెట్ పండగప్పుడు (వాళ్ళ కొత్త సంవత్సరం) మొదలైన యుద్ధం ఈ కోటలోనే దాదాపు నెల రోజులు ఇంటింటికీ జరిగింది. ఇప్పుడు నిలబడి ఉన్నవి కొన్నే. ఓరుగల్లు కోటలో తోరణాలు నిలబడి ఉండి, వాటి మధ్య ఉండాల్సిన గుడి లేకపోతే తెలియనివాళ్ళకి ఎలా ఉంటుందో, ఇక్కడ నిషిద్ధ నగరం మధ్యలో నిలబడితే అలాగే ఉంటుంది. గడ్డి, పునాది రాళ్ళు, అక్కడక్కడా ఒక ముక్క గోడ. ఏ భవనం ఎక్కడుండేది, అందులో ఎవరుండేవాళ్ళు, ఎలా పోయింది అని చెప్పే మనిషి పక్కన లేకపోతే అది ఖాళీ మైదానమే. మా గైడ్ పాత ఫొటోలు ప్రింట్లు తీసుకొచ్చి, అవి తీసిన చోటే మమ్మల్ని నిలబెట్టి చూపించింది. బుక్ చేసేముందు అలాంటివి తెస్తారా అని తప్పకుండా అడగండి.

మిగిలినవి కూడా తక్కువేం కాదు. న్గో మోన్ అనే దక్షిణ ద్వారంతో మొదలవుతుంది, దానికి ఐదు దారులు, మధ్యది రాజుకి మాత్రమే. 1945 ఆగస్టు 30న చివరి రాజు బావో దాయ్ సింహాసనం వదులుకున్నది ఈ ద్వారం మీదే. అది దాటితే థాయ్ హోవా, అంటే సింహాసనం ఉన్న భవనం, 80 ఎర్రటి చెక్క స్తంభాలు, ఒక్కోదాని మీద బంగారు డ్రాగన్లు. మూడేళ్ళు మరమ్మతు చేసి 2024 నవంబర్‌లో మళ్ళీ తెరిచారు. చివర్లో కియెన్ ట్రుంగ్ అనే భవనం, 1947లో నేలమట్టమైనదాన్ని పాత ఫొటోలూ పునాదులూ ఆధారంగా మళ్ళీ కట్టారు. అదీ 2024లోనే తెరిచారు. పాత బ్లాగులు చదివి వెళ్తే ఈ రెండూ మూసే ఉంటాయనుకుంటారు.

నాన్నగారిని మాత్రం థే మియెవ్ దగ్గర తొందరపెట్టకండి. అది రాజుల పూజామందిరం. ఎదురుగా 9 పెద్ద కంచు పాత్రలు వరసగా ఉంటాయి, మిన్ మాంగ్ 1835లో పోత మొదలుపెట్టిస్తే 1837కి పూర్తయ్యాయి. ఒక్కోటీ సుమారు రెండు నుంచి రెండున్నర టన్నుల బరువు. వాటి ఒంటి మీద ఆ దేశపు కొండలు, నదులు, వరి, పనస, పక్షులు, ఓడలు, ఫిరంగులు అన్నీ పోతపోశారు. ఒక రాజు తన రాజ్యాన్నంతా కంచులో రాయించుకున్నట్టన్న మాట. దగ్గరగా చూస్తే యుద్ధంలో తగిలిన తూటాల గుర్తులు కూడా కనిపిస్తాయి. చాలా గ్రూప్ టూర్లు ఇక్కడ పది నిమిషాలు కూడా ఆగవు. లోపలి మందిరంలో ఫ్రెంచి వాళ్ళని ఎదిరించి దేశం బయటికి పంపబడిన ముగ్గురు రాజులు, హామ్ న్గి, థాన్ థాయ్, డుయ్ తాన్, వీళ్ళ పీఠాల్ని 1959 దాకా పెట్టనివ్వలేదు. ఆ కథ గైడ్‌ని అడగండి, నాకు కోట మొత్తంలో మనసుకి పట్టుకుంది అదే.

ఏకశిలానగరం:

పైన గోదారిగట్టు గారు చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ఒక్క రాజసమాధి కూడా చూడకుండా హ్యూ నుంచి వచ్చేస్తే మనసొప్పదు. న్గుయెన్ వంశంలో 13 మంది రాజులు, వాళ్ళలో కొందరు బతికుండగానే తమ సమాధుల్ని దగ్గరుండి కట్టించుకున్నారు. కోటలో రాజ్యం కనిపిస్తుంది, సమాధి దగ్గర ఆ మనిషి కనిపిస్తాడు.

అయితే ఏ సమాధి అన్నది అమ్మగారి మోకాళ్ళని బట్టి చూసుకోండి. టూర్లలో ఎక్కువగా ఉండేది ఖాయ్ దిన్ సమాధి, ఎందుకంటే ఫొటోలు బాగా వస్తాయి. 1920లో మొదలై ఆయన చనిపోయిన తర్వాత 1931లో పూర్తయింది, అంతా కాంక్రీటు, లోపల గోడల నిండా పింగాణీ, గాజు ముక్కలతో చేసిన పని, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ కొండవాలు మీద 127 మెట్లు, అన్నీ నిటారుగా. అమ్మగారికి వద్దే వద్దు.

తు డుక్ సమాధికి వెళ్ళండి. ఊరి నుంచి 7 కిలోమీటర్లు ఉంటుంది. అక్కడక్కడా మెట్లున్నా మధ్యలో కూర్చోడానికి చోటు ఉంది, పైన్ చెట్ల నీడ, చెరువు, చెరువు ఒడ్డున ఆయన కవిత్వం రాసుకున్న చెక్క మంటపం. కట్టింది 1864 నుంచి 1867 మధ్య, ఆయన పోయింది 1883లో, అంటే తన సమాధి తోటలోనే ఏళ్ళ తరబడి గడిపాడు. దాన్ని కట్టే కూలీలతో ఎంత చాకిరీ చేయించారంటే 1866లో వాళ్ళు తిరగబడ్డారు. వందకి పైగా భార్యలు, ఒక్క సంతానం లేదు. ఇక మాస్టారు గారికి అసలు విషయం: అక్కడ 20 టన్నుల శిలాఫలకం ఒకటి ఉంది, దాదాపు 5 వేల అక్షరాలు. మామూలుగా తండ్రి గురించి కొడుకు రాయించాలి, ఈయనకి కొడుకు లేడు కాబట్టి తన గురించి తనే రాసుకున్నాడు, దేశంలో భాగం ఫ్రెంచి వాళ్ళ చేతిలోకి పోవడం, తన జబ్బు, తన తప్పులు, అన్నీ. రాజు తన శాసనంలో ఓటమి ఒప్పుకోవడం మన దగ్గర నేనెక్కడా చూడలేదు.

థియెన్ ము పగోడా వదిలేసినా నష్టం లేదంటాను.

గోదారిగట్టు:

@ఏకశిలానగరం, తు డుక్ విషయంలో మీరన్నది సబబుగానే ఉంది, కోట తర్వాత అది కలుపుకోవచ్చు. కానీ థియెన్ ముని అంత తేలిగ్గా తీసేయకండి. 1601లో మొదలైన గుడి, నది ఒడ్డున గుట్ట మీద 1844లో కట్టిన ఏడంతస్తుల గోపురం, హ్యూ అనగానే వియత్నాం వాళ్ళకి గుర్తొచ్చే బొమ్మ అది. లోపల వెనక వైపు ఒక నీలం రంగు ఆస్టిన్ కారు పెట్టారు. 1963 జూన్ 11న సైగాన్‌లో బౌద్ధుల మీద జరుగుతున్న అణచివేతకి నిరసనగా థిచ్ క్వాంగ్ డుక్ అనే భిక్షువు నడిరోడ్డు మీద తనని తాను కాల్చుకున్నాడు కదా, ఆయన ఆ కూడలికి వెళ్ళిన కారు అది. ఫొటో మనలో చాలామంది చూసే ఉంటాం, ఆ ఫొటోలో వెనక కనిపించేది ఇదే. దాని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. టికెట్ కూడా లేదు. పడవ వద్దు, దాదాపు గంట పడుతుంది, కారులో పావుగంట. ఓపిక ఉంటే ముందురోజు సాయంత్రం రైలు దిగాక, చీకటి పడకముందే చూసేయొచ్చు.

పచ్చిమిరపకాయ:

భోజనం గురించి నేను చెప్తాను, మా అత్తయ్యగారితో వెళ్ళాను, ఆవిడా అంతే, గుడ్డు ముట్టరు. నిశ్చింతగా వెళ్ళండి, వియత్నాంలో శాకాహారులకి హ్యూ అంత సుఖమైన ఊరు తక్కువ. బౌద్ధ గుడులు ఎక్కువ, చాంద్రమానం ప్రకారం నెలలో 1వ, 15వ రోజున మామూలు ఇళ్ళలో కూడా మాంసం మానేసేవాళ్ళు ఎంతోమంది. బోర్డు మీద 'చయ్' అని ఉంటే అది బౌద్ధ శాకాహార హోటల్, అక్కడ చేపల సాస్ ఉండదు. మామూలు హోటల్లో మాత్రం 'వెజిటబుల్స్' అని తెచ్చిన ప్లేట్‌లో కూడా చేపల సాస్ పడుతుంది, కూర మీద మాంసం కనబడకపోయినా నమ్మకండి. ఆ ఊరి పేరు మీదున్న బున్ బో నూడుల్స్ గొడ్డుమాంసంతో చేసేవి, చయ్ హోటల్లో వాటినే పుట్టగొడుగులు, టోఫు వేసి చేస్తారు, కారం కూడా మన నాలుకకి సరిపోతుంది. భోజనం కలిపిన టూర్ తీసుకోకండి, బఫేలో అమ్మగారికి అన్నం, పుచ్చకాయ ముక్కలే మిగులుతాయి. మీరే బయట తినండి. సాయంత్రం నది పక్కన ఉప్పు కాఫీ తాగండి, ఆ ఊళ్ళోనే పుట్టింది.

కృష్ణాతీరం:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. శిలాఫలకం సంగతి నాన్నకి చదివి వినిపించాను, అప్పుడే నోట్‌బుక్ తీశారు! అయితే ఇలా అనుకుంటున్నాం: ముందురోజు సాయంత్రం వీలైతే థియెన్ ము, మర్నాడు పొద్దున్నే గైడ్‌తో కోట, తర్వాత తు డుక్ సమాధి, చయ్ హోటల్లో భోజనం. ప్రైవేట్ గైడ్, కారు మాట్లాడుకుంటాం. ఇంకో రెండు చిన్న ప్రశ్నలు. కోటలో అమ్మ ఎంత నడవాలి? టికెట్లు అక్కడే కొనొచ్చా?

గోదారిగట్టు:

టికెట్లు అక్కడే కొనొచ్చు. కోటకి పెద్దవాళ్ళకి 2 లక్షల డాంగ్‌లు, అంటే మన డబ్బుల్లో సుమారు 700 రూపాయలు, తు డుక్ సమాధికి లక్షన్నర. కోట, సమాధులు కలిపిన టికెట్ కూడా ఉంటుంది కానీ మీరు ఒక్క సమాధే చూస్తారు కాబట్టి విడివిడిగా లెక్కేసి చూసుకోండి. మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి, మందిరాల్లోకి చెప్పులు విప్పి వెళ్ళాలి.

నడక విషయానికొస్తే, నేల చదునే, కానీ దూరం ఎక్కువ, గడపలు ఎత్తుగా ఉంటాయి. ఒక్క పని చేయండి. లోపలికి వెళ్ళేది దక్షిణాన న్గో మోన్ దగ్గర, బయటికి వచ్చేది తూర్పున హియెన్ న్యోన్ ద్వారం నుంచి. డ్రైవర్‌ని మిమ్మల్ని దించిన చోటే ఉంచకుండా హియెన్ న్యోన్ దగ్గరికి వచ్చేయమని గైడ్‌తో ముందే చెప్పించండి, లేకపోతే చూడటం అంతా అయ్యాక కోట గోడ చుట్టూ మళ్ళీ నడవాల్సి వస్తుంది, అమ్మగారికి అసలు కష్టం అక్కడే. 7 గంటలకల్లా తెరిచే ఉంటుంది, తొమ్మిదిన్నర దాటితే డానాంగ్ నుంచి బస్సులు దిగుతాయి, కాబట్టి ఏడున్నరకి ద్వారం దగ్గర ఉండేలా చూసుకోండి. మార్చిలో ఎండ పరవాలేదు, సన్నటి తుంపర పడొచ్చు, గొడుగు పెట్టుకోండి.

ఏకశిలానగరం:

రైల్లో డానాంగ్ నుంచి వెళ్ళేటప్పుడు కుడివైపు సీట్లు తీసుకోండి, హాయ్ వాన్ కనుమ దగ్గర సముద్రం అటే ఉంటుంది. వెనక్కి కారులో వస్తే, టన్నెల్‌లోంచి కాకుండా కనుమ మీది రోడ్డున రమ్మనండి. డానాంగ్‌లో చామ్ శిల్పాల మ్యూజియం కూడా మాస్టారుకి తప్పకుండా చూపించండి. హ్యూ ప్రాంతం కూడా 1306లో ఒక పెళ్ళి ఒప్పందం కింద వియత్నాం రాజులకి వచ్చేదాకా చామ్ రాజులదే, శివుణ్ణి కొలిచిన రాజులు. ఆ మ్యూజియం ముందురోజే చూసి హ్యూకి వెళ్తే నాన్నగారు గైడ్‌ని అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి.