మెట్ట చేనులో అంజన్ గడ్డి: వెదజల్లాలా, గొర్రుతో వేయాలా, నారు పోసి నాటాలా?

కదిరి మెట్ట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది కదిరి దగ్గర ఒక పల్లె. చాలా ఏళ్లుగా వేరుశనగ వేస్తూ వచ్చిన మూడెకరాల ఎర్ర నేలను ఈ ఏడాది గడ్డికి వదలాలని ఇంట్లో నిర్ణయించుకున్నాము. నాలుగు గేదెలు, రెండు ఆవులు, ముప్పై గొర్రెలు ఉన్నాయి. ప్రతి వేసవిలోనూ వరిగడ్డి కొని తెచ్చుకోవడమే పెద్ద ఖర్చు అవుతోంది. బోరులో నీళ్లు పశువులు తాగడానికి సరిపోతాయి తప్ప చేనుకు పారవు కనుక సూపర్ నేపియర్ గడ్డి ఆలోచనను మొదటే పక్కన పెట్టాము. పైగా దాని కాండం లావుగా ఉండి, కోసి ఆరవేసినా లోపల పచ్చి తగ్గదు. వానకే పెరిగి, సన్నగా ఎండి, వామి వేసుకోవడానికి పనికివచ్చేది కావాలని అంజన్ గడ్డిని, దానితో పాటు కొంత స్టైలో అనే పప్పుజాతి మేతను ఎంచుకున్నాము.

ఇక సందేహం విత్తే పద్ధతి గురించి. రాగులు చల్లినట్లు చల్లి ముళ్లకంప లాగితే చాలునని పక్క చేను ఆయన అంటున్నారు. మా నాన్నగారు మాత్రం ఏ పంటయినా సాళ్లలో పడితేనే నిలుస్తుందని, గొర్రు కట్టవలసిందేనని అంటారు. అయితే అంజన్ విత్తనం నూగుతో దూదిలాగా ఉండడం వల్ల జడ్డిగంలో (గొర్రుకు విత్తనం పోసే గిన్నెలో) చిక్కుకుపోయి కిందికి దిగడం లేదు. వేరుశనగకు వాడే ట్రాక్టరు గొర్రు అద్దెకు దొరుకుతుంది కానీ దానితోనూ ఇదే ఇబ్బంది వస్తుందేమోనని అనుమానంగా ఉంది. నారు పోసి నాటే పద్ధతి కూడా ఉందని విన్నాము. ఈ నేలలో నిజంగా వేసి చూసిన వారు ఏ దారి మంచిదో చెప్పగలరా?

పెన్న ఒడ్డు:

మీ పక్క చేను ఆయన చెప్పినట్లే నేను చేసి నష్టపోయాను కనుక ముందుగా ఆ సంగతి చెబుతాను. మృగశిర కార్తెలో మంచి వాన పడగానే సంబరపడి రెండెకరాలలో అంజన్ చల్లించాను. వారం తిరగకుండానే పచ్చగా మొలక కనిపించింది. ఆ తరువాత ఇరవై రోజులు చినుకు లేదు. పై పొరలో ఉన్న విత్తనానికి పై పొరలోని పదునే ఆధారం. అది రెండు మూడు రోజుల ఎండకే ఆరిపోయి మొలక అంతా మాడిపోయింది. మొలవని విత్తనాన్ని చీమలు బారులు కట్టి పుట్టలకు చేరవేశాయి. ఆరుద్రలో మళ్లీ వాన పడినప్పుడు చేను నిండా లేచింది వయ్యారిభామ, తుంగ మాత్రమే.

తప్పు వెదజల్లడంలో కన్నా వేళలో ఎక్కువగా ఉందని తరువాత అర్థమైంది. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే సుమారు 550 మిల్లీమీటర్ల వానలో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలలదే. జూన్ వానలను నమ్మి గడ్డి విత్తనాన్ని బయట పడేయడం మన దగ్గర సాహసమే. ఆ తొలి వానలను కలుపు మొలిపించుకోవడానికి వాడుకుని, మొలిచిన కలుపును గుంటకతో రెండుసార్లు కోసేసి, పుష్యమి, ఆశ్లేష కార్తెలలో, అంటే జూలై చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు, వానకు ముందో వాన వెలిసిన మరునాడో విత్తితే కలుపు పోటీ సగానికి తగ్గుతుంది, మొలకకు వెనువెంటనే వానలూ అందుతాయి. పుబ్బ దాటిందంటే మాత్రం ఆ ఏడాదికి మానుకోవడం మేలు, ఎందుకంటే వేరు లోతుకు దిగకముందే వానలు వెళ్లిపోతాయి.

ట్రాక్టరు గొర్రు జోలికి మాత్రం వెళ్లవద్దు. వేరుశనగ గింజ రెండు అంగుళాల లోతు నుంచి కూడా పైకి రాగలదు. అంజన్ విత్తనం గోరంత లోతుకు మించి పడితే అది మట్టిలోనే ముగిసిపోతుంది.

పాలమూరు పాడి:

మా వైపు చల్క నేలలు కూడా మీ ఎర్ర నేలలలాంటివే, గట్టి వాన పడి ఎండ కాసిందంటే పైన పొర బిగుసుకుపోతుంది. ఆ బిగువును చీల్చుకుని రావడానికి గడ్డి మొలకకు బలం చాలదు. అందుకే నేను నారు పద్ధతికి మారాను. జూన్‌లో బోరు పక్కన నాలుగు మడులు కట్టి, మాగిన పేడ ఎరువు కలిపి, విత్తనం చల్లి, పైన సన్నగా ఇసుక వేసి, రోజ్ క్యాన్‌తో తడిపాను. అయిదారు వారాల తరువాత ముసురు పట్టిన రోజు చూసుకుని, నారు కొసలు కత్తిరించి నాటించాను. విత్తనం ఎకరానికి కిలో కూడా పట్టలేదు, నాటినవి దాదాపు అన్నీ బతికాయి.

ఖర్చు దాచను. సాళ్ల మధ్య 50, మొక్కల మధ్య 30 సెంటీమీటర్ల చొప్పున నాటితే ఎకరానికి 27 వేల మొక్కలు అవుతాయి, మూడెకరాలకు కూలీలు దొరకడమే కష్టం. ఇంకొక చిక్కు కూడా ఉంది. అంజన్ దుబ్బు కట్టే జాతి. ఎడంగా నాటితే ఒక్కొక్క దుబ్బు గుట్టలాగా లేచి, బ్రష్ కట్టర్‌తో కోసేటప్పుడు బ్లేడు మట్టిని తాకి గడ్డిలో దుమ్ము చేరుతుంది, కాడలు కూడా ముదురుగా తయారవుతాయి. మేపడానికైతే అది పెద్ద లోపం కాదు. కోసి ఎండబెట్టి దాచుకోవాలనుకునే మీలాంటి వారికి దగ్గర సాళ్లే మంచివి.

గుంటక:

పై ఇద్దరూ చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ఏ పద్ధతి ఎంచుకున్నా అంతకు ముందు చేయవలసిన పని ఒకటి మిగిలిపోయింది. అది విత్తనాన్ని పరీక్షించడం. అంజన్ నూగులో గింజ లేని తొడుగులు చాలా ఉంటాయి. అదీ కాక, కొత్తగా కోసిన విత్తనం కొన్ని నెలల పాటు నిద్రావస్థలో ఉండి సరిగా మొలవదు, కాబట్టి గత ఏడాది కోసిన విత్తనమే అడిగి తీసుకోవాలి. నూరు విత్తనాలను తడి గోనె ముక్కలో చుట్టి పది రోజులు తడి ఆరకుండా ఉంచి, మొలిచిన వాటిని లెక్కపెట్టండి. మామూలు మోతాదు ఎకరానికి రెండున్నర నుంచి మూడు కిలోలు. నూరింటికి ఇరవై కూడా మొలవకపోతే మోతాదు పెంచడం కన్నా ఆ విత్తనాన్ని తిప్పి పంపడమే నయం. రకం విషయానికి వస్తే జోధ్‌పూర్‌లోని శుష్క ప్రాంత పరిశోధన సంస్థ ఇచ్చిన కాజ్రి-75, ఝాన్సీలోని పశుగ్రాస పరిశోధన సంస్థ ఇచ్చిన బుందేల్ అంజన్ రకాలు రెండూ మెట్టకు సరిపోయేవే.

గొర్రుతో వేయాలన్న మీ నాన్నగారి మాట సరైనదే, అయితే జడ్డిగాన్ని మాత్రం పక్కన పెట్టండి. ఉత్త గొర్రును తేలికగా పట్టి అడుగుకొక సాలు చొప్పున పైపైన గీతలు మాత్రమే గీయించండి. విత్తనాన్ని దానికి నాలుగైదు రెట్లు తడి ఇసుకతో కలిపితే నూగు అణిగి, గాలికి ఎగరకుండా చేతి నుంచి సమంగా జారుతుంది. మనుషులు సాలు వెంట నడుస్తూ పోయాలి. కప్పడానికి గుంటక వద్దు, తుమ్మ కంపను ఒక్కసారి తేలికగా లాగితే చాలు. నూగు విత్తనాన్ని బంకమట్టి, పేడ, ఇసుకలతో ఉండలు చేసి వేసే పద్ధతి కూడా ఉంది. రాళ్ల బీడులో, గట్ల మీద అది బాగుంటుంది కానీ దుక్కి దున్నిన చేనులో అంత శ్రమ అనవసరం.

స్టైలోను అంజన్‌తో కలిపి పోయకండి. ఆ గింజ బరువుగా ఉండి బుట్ట అడుగుకు చేరుతుంది, దానితో చేను ఒక చివర అంతా స్టైలో, మరొక చివర అంతా గడ్డి అవుతుంది. మూడు సాళ్లు గడ్డి, ఒక సాలు స్టైలో అన్నట్లు విడిగా వేయండి. దాని పైపొట్టు గట్టిది. 80 డిగ్రీల వేడి నీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తీసి చన్నీటిలో రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరబెట్టి వేస్తే మొలక బాగా వస్తుంది.

కదిరి మెట్ట:

ముగ్గురికీ ధన్యవాదాలు. నేను కొన్న విత్తనాన్ని గోనెలో చుట్టి చూశాను, నూరింటికి ముప్పై నాలుగు మొలిచాయి. రెండెకరాలు గుంటక గారు చెప్పినట్లు అడుగు సాళ్లలో పోయిస్తాను. మిగిలిన ఎకరంలో సగానికి ఇప్పుడే నారు పోస్తున్నాను, మొలక పడని చోట్ల నాటుకోవడానికి కూడా అది పనికివస్తుంది. చివరి అర ఎకరంలో ఉలవలు వేసుకుంటాము. ఒక్క మాట మిగిలింది. మొదటి ఏడాది ఎప్పుడు కోయవచ్చు?

గుంటక:

తొలి ఏడాది గడ్డి మీద ఆశ పెట్టుకోకండి, ముఖ్యంగా గొర్రెలను అటు రానివ్వకండి. వేరు పట్టని దుబ్బును అవి పీకి పారేస్తాయి. విత్తిన మూడు నెలలకు కంకులు ఎండి కొంత విత్తనం రాలిన తరువాత ఒకే ఒక్క కోత తీసుకోండి. రాలిన ఆ విత్తనమే వచ్చే ఏడాది ఖాళీలను నింపుతుంది. నేల నుంచి జానెడులో సగం, అంటే నాలుగైదు అంగుళాల మోడు వదిలి కోయాలి. రెండో ఏడాది నుంచి మాత్రం కంకి తొంగిచూసే దశలోనే కోయండి, ఆలస్యమైతే వామిలో దాగేది పుల్లలే. స్టైలో ఉన్న సాళ్ల గడ్డిని మిట్టమధ్యాహ్నం తిరగవేయకండి. ఆకు అంతా పొడిపొడిగా రాలి చేనులోనే ఉండిపోతుంది. ఉదయం మంచు తడి ఉండగానే ఆ పని చేయించండి.