అమ్మ పిత్తాశయంలో రాళ్లు: కోత ఆపరేషనా, ల్యాప్రోనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అమ్మకి 58. రెండు నెలల్లో మూడుసార్లు, మూడూ అర్ధరాత్రే, కుడి డొక్క కింద నొప్పి లేచి వీపులోకి పాకింది. మొదట గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగించాం. మూడోసారి వాంతులయ్యేసరికి పాతపట్నం తీసుకెళ్లి స్కాన్ తీయించాను. పిత్తాశయంలో రాళ్లు, పెద్దది 14 మి.మీ. డాక్టరు గారు ల్యాప్రోలో, అంటే చిన్న చిల్లులు పెట్టి కెమెరాతో చూస్తూ, తీసేద్దామన్నారు. ఇంట్లో పంచాయితీ మొదలైంది. మా పెద్దమ్మకి 1996లో కోసి తీశారు, జానెడు మచ్చ ఇప్పటికీ ఉంది. "చిల్లులోంచి చూసి ఏరితే ఒకటో రెండో మిగిలిపోతాయి, కోస్తే చేత్తో తడిమి చూస్తారు" అంటుంది ఆవిడ. అమ్మ అదే మాట పట్టుకుని కూర్చుంది. నాన్న లేరు, ఏదైనా నేనే తేల్చాలి. చేయించుకున్నవాళ్లు చెప్పండి.

మిషన్ అక్క (బరంపురం):
తమ్ముడూ, రాళ్లు ఏరరు. పిత్తాశయమనే ఆ సంచీతో సహా తీసేస్తారు. కోసినా అంతే, ల్యాప్రో అయినా అంతే. నేనూ ముందురోజు దాకా చింతపిక్కల్లా ఏరతారనే అనుకున్నాను.

నాకు పోయినేడు శ్రావణంలో చేశారు. బొడ్డు దగ్గర ఒక గాటు, రొమ్ము ఎముక కింద ఒకటి, కుడి పక్కన చిన్నవి రెండు. బట్టలు కుట్టేదాన్ని కదా, కట్టు విప్పాక చూసుకుని "ఇది కోటు కాజా అంత కూడా లేదే" అని నవ్వాను. నవ్వితే మాత్రం నొప్పేసింది. సాయంత్రానికే లేపి నడిపించారు. మర్నాడు ఇడ్లీ పెట్టారు, ఆ మర్నాడు ఇంటికి పంపేశారు.

నాకెవరూ చెప్పనిది ఒకటుంది. ఆ రాత్రి పొట్ట కన్నా కుడి భుజం ఎక్కువ లాగేసింది. గుండెపోటేమోనని ఏడ్చేశాను. నర్సు తీరిగ్గా వచ్చి "గ్యాస్ నొప్పమ్మా" అంది. ఆ ముక్క ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయేది? మీ అమ్మకి నువ్వు చెప్పి ఉంచు. రెండు రోజుల్లో తగ్గిపోయింది. పదో రోజుకి మిషన్ ముందు కూర్చున్నా, బట్టల మూట ఎత్తడానికి మాత్రం నెల ఆగాను.

ఓటీ సిస్టర్ (రాయగడ):
లోపల పనిముట్లు ఆడాలంటే చోటుండాలి. అందుకే కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి పొట్టని గుడారంలా లేపుతాం. దానివల్ల డయాఫ్రమ్ (పొట్టకీ ఛాతీకీ మధ్య అడ్డంగా ఉండే కండరం) రేగుతుంది. దాని నరమూ భుజం నరమూ మెడ దగ్గర ఒకేచోట పుడతాయి, అందుకే నొప్పి భుజంలో తెలుస్తుంది. ఇదేం కొత్త వైద్యం కాదు. మన దేశంలో 1990లోనే ముంబయి జేజే ఆసుపత్రిలో చేశారు, అంటే మీ పెద్దమ్మ గారి ఆపరేషన్ కంటే ముందే.

అయితే ఆవిడ భయంలో కొంత నిజముంది. సంచీలోంచి రాయి జారి పెద్ద పిత్తనాళంలో (పైత్యరసం పేగులోకి దిగే గొట్టంలో) ఇరుక్కుంటే, సంచీ తీసినా అది అక్కడే ఉంటుంది. కళ్లు పచ్చబడ్డాయా, ఎల్‌ఎఫ్‌టీలో (కాలేయానికి చేసే రక్తపరీక్షలో) కామెర్ల పసుపు పదార్థం బిలిరుబిన్ పెరిగిందా, స్కాన్‌లో నాళం వెడల్పయిందా అని అడగండి. అనుమానముంటే ఎమ్మార్సీపీ, అంటే పిత్తనాళాలకి ఎమ్మారై స్కాన్, తీస్తారు. రాయి కనబడితే ఈఆర్‌సీపీలో నోటి దారిన గొట్టం పంపి లాగేస్తారు, దానికీ పొట్ట కొయ్యక్కర్లేదు. (మా వైపు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే పుట్టు జబ్బు) ఉన్న చిన్నపిల్లల్లో కూడా ఈ రాళ్లు చూస్తాం. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే మత్తు డాక్టరుకి తప్పక చెప్పండి.)

కాఫీతోట (జయపురం):
మా బావగారికి ల్యాప్రో అని మొదలెట్టి మధ్యలో కోసేశారు. సంచీ పక్క పేగుకి అతుక్కుపోయిందట. నొప్పొచ్చినప్పుడల్లా మాత్ర మింగి మూడేళ్లు నెట్టుకొచ్చాడు మరి! మోసం చేశారని మేం గొడవపడ్డాం కూడా. అలాంటప్పుడు మొండికేసి లాగితే పిత్తనాళం తెగుతుందని తరవాత వేరే డాక్టరు చెబితే తెలిసింది. అవసరమైతే కోస్తామన్న సంగతి సంతకం పెట్టే కాగితంలో రాసి ఉంటుంది, చదువు. మన ఒడిశా కార్డుకి అవతల ఆంధ్రాలో ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తించదు. ఆయుష్మాన్ కార్డుంటే, ఆ ఆసుపత్రి పథకంలో ఉందో లేదో బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కో.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ దణ్ణాలు. ఎల్‌ఎఫ్‌టీ బాగానే వచ్చింది, నాళం కూడా మామూలుగానే ఉందన్నారు. అమ్మ ఒప్పుకుంది, సోమవారం విశాఖ వెళ్తున్నాం. పెద్దమ్మకి సంచీ మాట చెప్పాను. "అయితే నాకూ లేదా?" అని అరగంట పొట్ట తడుముకుంటూ కూర్చుంది.