అప్‌డేట్: 1967 ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), ఒకే స్పీడులో వెళ్తుంటే మిస్‌ఫైర్ (దొరికింది: డిస్ట్రిబ్యూటర్ లోపలి ఎర్త్ వైరు)

ముందు అడిగింది ఇదీ: ఐడిల్ బాగుంది, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా బాగుంది, 80 కిలోమీటర్ల దగ్గర కాలు తేలిగ్గా పెట్టి నడిపితే మాత్రం కుదుపులు. సాయం చేసిన అందరికీ థాంక్స్. కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) వెళ్లే వాక్యూమ్ పైపు పీకి చూడమన్న సలహాయే పనిచేసింది. పైపు తీసి, కార్బురేటర్ వైపు రంధ్రం మూసి అదే రోడ్డు మీద నడిపితే ఒక్క కుదుపూ లేదు.

లూకాస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, మల్టీమీటర్ ఒక కొస పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే కాంటాక్టుల) ప్లేటుకీ, రెండోది డిస్ట్రిబ్యూటర్ బాడీకీ ఆనించి, వాక్యూమ్ పైపును నోటితో పీల్చాను. ప్లేటు కదలగానే సున్నా దగ్గరున్న రీడింగు గంతులేసింది. ఆ రెంటినీ కలిపే చిన్న ఎర్త్ వైరు పైకి చక్కగానే ఉంది, తొడుగు లోపల మాత్రం ఒకటి రెండు పోగులే మిగిలాయి. తేలిక థ్రాటిల్‌లో వాక్యూమ్ ప్లేటును లాగినప్పుడు అవి విడిపోయి స్పార్క్ తప్పుతోంది. పూర్తిగా తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, ప్లేటు వెనక్కి వస్తుంది, ఇంజిన్ సాఫీగా లాగుతుంది.

బదులుగా గట్టి వైరు వేయకండి, ప్లేటును తిరగనివ్వదు, మళ్లీ తెగుతుంది. సన్న పోగుల మెత్తటి వైరే వేసి కాస్త వదులుగా ఉంచాలి. ఆ తర్వాత పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళానికి పెట్టి, టైమింగ్ చూసుకోవాలి.

కాయిల్, కండెన్సర్, ఫ్యూయల్ పంపు, ఎస్‌యూ కార్బురేటర్ల మిక్స్చర్: వీటికి సంబంధమే లేదు. మిక్స్చర్ మళ్లీ పాత స్థానానికే తిప్పాను.