బీటీ నిజంగా చావు కోరుకున్నాడా?

కాగితంపడవ:
మా ఎం.ఏ. క్లాసులో ఈ వారమంతా రే బ్రాడ్‌బరీ 1953 నవల ‘ఫారెన్‌హీట్ 451’ మీదే వాదన. చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు: ఆ లోకంలో ఫైర్‌మన్ల పని మంటలు ఆర్పడం కాదు, పుస్తకాలు దొరికిన ఇళ్లను తగలబెట్టడం. మాంటాగ్ అనే ఫైర్‌మన్ దొంగతనంగా పుస్తకాలు దాచుకుంటాడు. పై అధికారి కెప్టెన్ బీటీ అతని ఇంటిని అతని చేతే కాల్పిస్తాడు. మరుక్షణం మాంటాగ్ ఆ మంటల గొట్టాన్ని బీటీ మీదకి తిప్పుతాడు. పారిపోతూ ఒక సందులో పడి ఏడుస్తుంటే అతనికి తడుతుంది, బీటీయే చావాలనుకున్నాడని. సగం క్లాసు ఇది నిజమే అంటోంది. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. అప్పుడే ఒకణ్ణి చంపినవాడికి అలా అనుకుంటే గుండె బరువు తగ్గుతుంది కదా. ఆ మాటకి వేరే సాక్షి ఎవరున్నారు?

చివరిబెంచీ:
నేనున్నాను, ఆ పేజీ చదివినవాణ్ణి. గొట్టం తన వైపు తిరిగాక బీటీ పారిపోలేదు, బతిమాలలేదు. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’లో బ్రూటస్ మాటలు అప్పజెప్పి, దమ్ముంటే కాల్చమని రెచ్చగొట్టి, ఒక అడుగు ముందుకేశాడు. బతకాలనుకునేవాడు చేసే పనేనా ఇది?

గోదారిగట్టు:
దానికి ఒక్క నిమిషం ముందు ఏం జరిగిందో వదిలేశారు. బీటీ కొట్టిన దెబ్బకి మాంటాగ్ చెవిలోని చిన్న రేడియో ఊడి పడుతుంది. అందులోంచే ముసలి ప్రొఫెసర్ ఫేబర్ అతనికి సలహాలిస్తుంటాడు. బీటీ దాన్ని తీసి, దీని జాడ పట్టుకుని నీ స్నేహితుడి దగ్గరికీ వెళ్తాం అంటాడు. చావబోయేవాడికి రేపటి పని ఎందుకు? పైగా గొట్టం తిరగగానే అతని ముఖంలో ముందు కనిపించింది ఆశ్చర్యం. మాంటాగ్ తనని కాల్చలేడని ధీమాగా ఉన్నాడు, ఆ ధీమాయే కొంప ముంచింది.

సందెపొద్దు:
చివరి సీను ఒక్కటే పట్టుకుంటే తేలదండీ, వెనక్కి వెళ్దాం. ఒకావిడ తన పుస్తకాలతో పాటు తానూ కాలిపోతుంది, అగ్గిపుల్ల తానే గీసుకుంటుంది. ఫైర్‌మన్లు ఇంట్లోకి రాగానే ఆవిడ అన్న మాట ఎవరిదో వెనక్కి వచ్చేటప్పుడు బీటీయే చెబుతాడు: 1555 అక్టోబర్ 16న ఆక్స్‌ఫర్డ్‌లో మతద్రోహం పేరుతో తమని సజీవదహనం చేస్తుంటే లాటిమర్ అనే క్రైస్తవ మతగురువు తన తోటివాడు రిడ్లీకి చెప్పిన ధైర్యం అది. తేదీతో సహా చెప్పాడు! బండి నడిపేవాడు తిరగాల్సిన మలుపు దాటించేశాడు, బీటీయే కేకేసి ఆపాడు. ఆ చీకట్లో ఆ బండిలో ఎవరి మనసూ కుదురుగా లేదని నాకు అనిపించింది. మాంటాగ్ ఇంటికొచ్చినప్పుడు ఇదే మనిషి, పుస్తకాల్లో ఏమీ లేదు, నేను చదివి చూశాను అంటాడు. ఏమీ లేకపోతే ఇన్ని వాక్యాలు ఎలా గుర్తుండిపోయాయి? అతను పుస్తకాలను ప్రేమించి దెబ్బతిన్నవాడు. అతనిలో కోపం ఎంతుందో, దిగులూ అంతే ఉంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. బ్రాడ్‌బరీ తర్వాత ఈ నవలని నాటకంగా రాసినప్పుడు బీటీ ఇంటి నిండా పుస్తకాలే పెట్టాడు. తల్లి మెల్లమెల్లగా చనిపోతున్నప్పుడు, తండ్రి ఆత్మహత్య చేసుకున్నప్పుడు పుస్తకాలు తెరిస్తే తనకేమీ దొరకలేదని అందులో బీటీ చెప్పుకుంటాడు.

కాగితంపడవ:
నాటకం నాటకమే. నవల రాసేటప్పటికి ఆ తల్లీ తండ్రీ కాగితం మీద లేరు. కానీ లాటిమర్ విషయంలో మీరన్నది కాదనలేను. ఆ బండి సీను నేను గబగబా దాటేశాను. రాత్రి మళ్లీ చదివాను, బీటీ గొంతు వేరేగా వినిపించింది. అయినా దిగులుగా ఉండటం వేరు, చావు కోరుకోవడం వేరు.

చివరిబెంచీ:
అతనిలాంటి మనిషికి ఆ రెండింటికీ మధ్య దూరం ఎక్కువ ఉండదనే నా వాదన.

మల్లెతీగ:
మీ అందరినీ ఒకటి అడగాలని ఉంది. బీటీ చావాలనుకున్నాడా అని ఇంత తవ్వుతున్నారు. మొదటి పేజీల్లోనే మాంటాగ్ భార్య మిల్డ్రెడ్ ముప్పై నిద్రమాత్రలు మింగేసింది, ఆ ఖాళీ సీసా మంచం దగ్గర అతని కాలికి తగులుతుంది. డాక్టరు రాడు. మిషన్లు పట్టుకుని ఇద్దరొచ్చి కడుపు కడిగి, ఇలాంటి కేసులు రాత్రికి తొమ్మిదీ పదీ వస్తాయని చెప్పి వెళ్లిపోతారు. తెల్లారి ఆమె లేచి, ఆకలేస్తోంది అంటుంది. మాత్రలు మింగావని మాంటాగ్ చెబితే నమ్మదు. బీటీలా షేక్‌స్పియర్ మాటలు అప్పజెప్పలేదనేమో, ఆమె మనసు గురించి మన క్లాసులో ఒక్కరూ ఇలా వాదించలేదు. ఆమె ఆ సీసా ఎందుకు ఖాళీ చేసిందని మీరనుకుంటున్నారు?